చక్కెర మునిగేదాకా

మా ఆయన పోయాక సూర్యాపేట బస్టాండు దగ్గర కాఫీ బండి పెట్టుకున్నాను. నురగ లేదని గిరాకీ అంతా ఎదుటి హోటలుకే పోయేది. పాలు గిలకొట్టే చేతిమిషను కోసం మిర్యాలగూడలో గిన్నెల దుకాణానికి పోయాను.

ఆ దుకాణం ముసలాయన ఏదీ ఊరికే అమ్మడు. తన ఇంటి పాలలో ఒక్కో మిషను తిప్పి, నురగ మీద చిటికెడు చక్కెర వేసి, అది మునిగేదాకా ఎంతసేపు నిలుస్తుందో చూస్తాడు. నేను మెరిసేది పట్టుకుంటే లాక్కున్నాడు.

"గది వద్దు బిడ్డా. సూడనీకే మంచిగుంటది."

నాలుగోదాని నురగ మీద చక్కెర నిలిచింది. దాన్నే నా చేతిలో పెట్టాడు. ఇంతలో లోపలినుంచి కోడలు వచ్చింది.

"మామా, చాయ్ పాలన్నీ ఒడగొట్టిన్రు."

"ఇయ్యాల నల్ల చాయ్ తాగుదాం తియ్యమ్మా. ఈమె బండి నడవాలె."