ఎర్ర బొమ్మ ముందు వదినగారు

యంత్రాలకు మనుషుల మనసు తెలుస్తుందా అని ఎవరైనా వాదనకు దిగితే నాకు పట్టిసీమ తీర్థం గుర్తొస్తుంది. ఒళ్లు మండుతుంది.

మా ఆయన అక్కగారికి ఎదుటివాళ్ల మొహం చూస్తే మనసు తెలిసిపోతుందని పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ ఆవిడే. తొంభైల నాటి మాట. మా నాన్న పోయినప్పుడు నాకు కన్నీళ్లు రాలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. రెండు రోజులు అన్నం మాత్రం ముట్టలేదు. పరామర్శకు వచ్చినవాళ్ల మధ్య కూర్చుని వదినగారు, "దాని మొహం చూడండి. తండ్రి పోయాడన్న దిగులేమన్నా ఉందా? రాతిగుండె," అన్నారు. ఆ మాట రెండు వైపుల చుట్టాల్లోనూ తిరిగింది. దాన్ని ఆవిడ నోటితోనే వెనక్కి తీయించాలని నాకు పంతం పట్టుకుంది.

మరుసటి శివరాత్రికి అందరం పట్టిసీమ వెళ్లాం. దర్శనమయ్యాక ఇసుకలో దుకాణాల వెంట తిరుగుతుంటే ఒక గుడారంలో ఒంటినిండా రంగు బల్బులున్న రెండు రేకు బొమ్మలు కనిపించాయి. మనసులో మాట చెప్పే కంప్యూటర్ రోబోలని బోర్డు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. ముందు నేనే రెండూ విన్నాను. లోపల ఉన్నవి క్యాసెట్లు, అంతే. నీలం బొమ్మ వచ్చినవాళ్లందర్నీ పొగుడుతుంది. ఎర్ర బొమ్మ మాత్రం, "మీ ఇంట్లో ఒకరి మనసు గాయపరిచారు. వారి చేతులు పట్టుకుని క్షమించమని అడగండి," అంటుంది.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"వదినగారూ, ఈ ఎర్రదాన్ని వినండి. అచ్చం మీలాగే మనసులో ఉన్నది చెప్పేస్తోందండీ," అన్నాను. పొగిడితే ఆవిడ ఆగరు.

వింటున్న ఆవిడ మొహాన్నే చూస్తూ నిలబడ్డాను. చిరునవ్వు పోయింది. కొంగుతో కళ్లొత్తుకున్నారు. తగిన శాస్తి అనుకున్నాను. నాకెంత హాయిగా ఉందో దాచుకోను. నా చేతులు పట్టుకుంటారని సంచీ కూడా కింద పెట్టేశాను.

ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి, ఇసుకలో కూర్చున్న మా అత్తగారి చేతులు పట్టుకున్నారు. "అమ్మా, పెళ్లికి ముందు నిన్ను ఎన్నేసి మాటలన్నానో. క్షమించవే." తల్లీకూతుళ్లిద్దరూ ఏడ్చారు. చూసినవాళ్లంతా ఎర్ర బొమ్మ ముందు వరస కట్టారు.

యంత్రానికి ఆవిడ మనసు తెలియదు, సరే. నాకు తెలుసనుకున్నాను చూడండి, నా తెలివీ ఆ క్యాసెట్టు పాటిదే. నా మనసు గాయపరిచానన్న ఊహే ఆవిడకు లేదు.

తిరుగు పడవలో వదినగారు తేలికపడిన మొహంతో నా వైపు తిరిగారు. "నువ్వింకోసారి వినాల్సిందమ్మాయ్. రాయినైనా ఏడిపిస్తుందది."

అందరూ నవ్వారు. ఆవిడ పడవ అంచున కూర్చుని నీళ్లలో చెయ్యి ఆడిస్తున్నారు. ఒక్క తోపు తోస్తే చాలనిపించింది. ఎదురుగా కూర్చుని నా మొహంలోకే చూస్తున్నారు గానీ, ఆ సంగతీ ఆవిడకు తెలియలేదు.