శ్లాబుకేసి చూసే మూర్తిగారు

ఇంజనీరు భాస్కరమూర్తిగారు ఎవరింటికెళ్లినా, కుర్చీలో కూర్చోకముందే మెడ వెనక్కి వాల్చి శ్లాబుకేసి చూస్తారు. తర్వాత వేలి కణుపుతో గోడ మీద తట్టి, ఆ చప్పుడు విని తలాడిస్తారు. పెళ్లి భోజనాలకెళ్లినా అంతే. అల్లవరం వెళ్లాల్సొస్తే మాత్రం, తుపాను కాలనీ మీదుగా పోకుండా చుట్టు తిరిగి కాలవగట్టు దారిన పోతారు. తొంభైయారు తుపాను తర్వాత ఆ ఇళ్లు కట్టించింది ఆయనే. పైవాళ్లు తొందరపెడుతుంటే, సముద్రపు ఇసుక కలుపుతున్నారని తెలిసి కూడా చూడనట్టు ఊరుకున్నారు. ఇప్పుడు ఆ ఉప్పుకి లోపలి ఇనుము తుప్పుపట్టి, శ్లాబులు పెచ్చులూడి కారుతున్నాయి.

ఉద్యోగంలో పైకొచ్చి ఊరికి మేలు చేసిన పట్టభద్రులని ఏటా సన్మానించే అమలాపురం పూర్వ విద్యార్థుల సంఘం ఈసారి ఆయన్ని పిలిచింది. ఆయన సేవ గురించి చెప్పించడానికి కాలనీ నుంచి అచ్చాయమ్మని తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టారు. వానొస్తే ఆవిడ ఆ ఇల్లొదిలి, పక్కనేసుకున్న తాటాకు పాకలో తలదాచుకుంటుందని మూర్తిగారికి తెలుసు. ఆయన శాలువా అంచు నలుపుతూ తల వంచుకున్నారు.

"ఇల్లెలా ఉందమ్మా?" అనడిగారు అధ్యక్షులు.

"ఆయ్, రాజాలా ఉందండి. అంతా బాబుగారి దయండి."

హాలంతా చప్పట్లు కొట్టింది. వేదిక దిగుతుంటే అచ్చాయమ్మ ఆయన పక్కకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"తవరి మీదకి మాట రాకుండా చెప్పేనాండీ, బాబూ?"

మూర్తిగారు అలవాటుగా పైకి చూడబోయారు. మెడ లేవలేదు.