డ్రైవర్ లేదట

డిపోలో అందరూ ఆమెను బ్రేకమ్మ అంటారు. వెక్కిరింపుగా పుట్టిన పేరే గానీ, పోనుపోను ఆమే దాన్ని బిరుదు చేసుకుంది. బస్సు డ్రైవరు. ఓ పొద్దున బ్రేకు సరిగా పడటం లేదని, జనం ఎక్కి కూర్చున్న బస్సును ఆపేసి తాళంచెవి జేబులో వేసుకుంది. మేనేజరు గీపెట్టినా ఇవ్వలేదు. అంతే, సీటు నుంచి దింపి టికెట్ల కౌంటర్లో కూర్చోబెట్టారు. ఇవాళే విచారణ. తన వైపు మాట చెప్పుకోకపోతే ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోనివ్వరు.

విచారణ వీడియోలోనట. ఫోన్లో తెరుచుకోదు, కంప్యూటరే కావాలట. ఇంట్లో ఉన్నదల్లా ఓ ముసలి లాప్‌టాప్. అది ఆయాసపడుతుంటే చూడలేక, తమ్ముడు పాత సిస్టమ్ పీకేసి లినక్స్ అనే తేలికపాటి ఉచిత సిస్టమ్ ఎక్కించాడు. అప్పట్నుంచి పరుగులైతే పెడుతోంది గానీ, మైకు మూగబోయింది.

"డ్రైవర్ లేదక్కా," అన్నాడు తమ్ముడు తెర చూస్తూ.

ఆమెకు ఒళ్ళు మండింది. "ఎదురుగా నేను కూర్చుంటే లేదంటుందేంట్రా! దీనికీ మా మేనేజరే నూరిపోశాడా?"

తమ్ముడు పడీ పడీ నవ్వాడు. "నువ్వు కాదక్కా. మైకును నడిపే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. కంపెనీవాళ్ళు లినక్స్‌కి రాసివ్వలేదు."

"మరెలారా?"

"వాళ్ళివ్వకపోతే మాకు చేతకాదా అని, ఎవడో పంతం పట్టి తనే రాసి నెట్‌లో అందరికీ పెట్టాడు."

"మన బాపతే," అంది బ్రేకమ్మ. ఆ మొహం తెలియని మనిషి మీద ఆమెకు బోలెడు ప్రేమ పుట్టుకొచ్చింది.

తీరా చూస్తే వైఫైకీ డ్రైవర్ లేదు. తమ్ముడు ఫోన్‌ని తీగతో తగిలించి, దాని నెట్‌తోనే వీడియో తెరిచి, ఓ పక్క మైకు ప్రోగ్రాము దించసాగాడు. ఈలోగా విచారణ మొదలైపోయింది.

వాళ్ళ మాటలు ఈమెకు వినిపిస్తున్నాయి. ఈమె మాట వాళ్ళకు చేరడం లేదు. మేనేజరు మాత్రం నోరారా చెప్పుకుపోతున్నాడు: బ్రేకులు నిక్షేపంలా ఉన్నాయట, ఈవిడే పని ఎగ్గొట్టిందట. విచారణ చేసే పెద్దాయన వాచీ చూసుకున్నాడు. "ఆవిడ చెప్పుకునేదేమీ లేనట్టుంది. అలాగే రాసేద్దాం."

బ్రేకమ్మ గోడ మీది క్యాలెండరు కాగితం చింపి, వెనక లావుపాటి అక్షరాలతో రాసి కెమెరా ముందు పెట్టింది: ఆగండి.

పెద్దాయన కలం ఆగింది. ఆయన పక్కనున్న కంప్యూటరు గుమాస్తా తొంగిచూశాడు. "మైకు పనిచేయట్లేదండీ. అటువైపు డ్రైవర్ లేనట్టుంది."

సరిగ్గా అప్పుడే తమ్ముడు బొటనవేలు పైకెత్తాడు. తెరమీద మైకు గుర్తు పచ్చగా వెలిగింది.

"డ్రైవర్ ఉందండీ," అంది బ్రేకమ్మ. గొంతు ఖంగుమంది. "ఇక్కడే కూర్చుంది. ఆ బ్రేకులు అంత నిక్షేపంలా ఉంటే, మేనేజరు గారిని తన పిల్లల్ని ఎక్కించుకుని ఆ బస్సులో ఓ చుట్టు తిరిగి రమ్మనండి. వచ్చాక నన్ను కౌంటర్లోనే ఉంచండి."

మేనేజరు మైకు బాగానే ఉంది. ఆయనే పలకలేదు.