పిన్‌బాల్ మెషిన్‌లో అక్షింతలు

నాకు మూఢనమ్మకాలు లేవని చెప్పుకు తిరిగే మనిషిని నేను. కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ పేట తెలుగు జనాన్ని ఎన్నోసార్లు వెటకారం చేశాను. అలాంటి నేనే, మా ఓనరు ప్రాణం పెట్టి తయారుచేసిన మెషిన్ మీద అక్షింతలు చల్లాను. దాన్ని నలుగురిలో నవ్వులపాలు చేసింది ఆ అక్షింతలే. ఈ సంగతి రెండేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

మాది చిన్న షెడ్డు. ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌కి పడమట, ఒక టైర్ల కొట్టుకీ ఒక టైల్స్ గోడౌన్‌కీ మధ్య ఉండేది. పనిచేసేది నలుగురం. వాలు బల్ల మీద, అద్దం కింద ఉక్కు బంతి పరిగెత్తే పిన్‌బాల్ ఆట ఉంటుందే, ఆ మెషిన్లు బాగుచేసేవాళ్లం. నేను యూనిలో ఎలక్ట్రానిక్స్ చదివి, తగిన పని దొరక్క మూడేళ్లు గోడౌన్లో పెట్టెలు మోశాను. నా అప్లికేషన్ చదివి పిలిచిన ఒకే ఒక్క మనిషి మా ఓనరు. అరవై దాటిన తెల్లాయన. ఇంటర్వ్యూలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న నా పేరు ఎలా పలకాలి అని. రెండుసార్లు అనిపించుకుని, తనకు అర్థమయ్యేలా కాగితం మీద రాసుకున్నాడు. ఈ దేశంలో అంతకుముందు ఎవరూ ఆ శ్రమ తీసుకోలేదు.

ఎప్పటికైనా సొంత మెషిన్ చేయాలన్నది ఆయన కోరిక. తన పిల్లలు చిన్నప్పుడు చూసిన ఒక టీవీ సీరియల్‌ని ఎంచుకున్నాడు. నదిలో ఇంటింటికీ తిరిగే తపాలా పడవ, దాన్ని నడిపే పెలికాన్ పక్షి. ఆ బొమ్మల హక్కులున్న కంపెనీ ఒక షరతు మీద లైసెన్స్ ఇచ్చింది. మొదటి మెషిన్‌ని వాళ్ల మనిషి వచ్చి స్వయంగా ఆడి చూడాలి, సరేనంటేనే రెండోది చేయాలి. పెలికాన్ ముక్కు రంగు బాగాలేదని మూడుసార్లు తిప్పి పంపారు. టోపీ ఎడమకి వాలాలట, మేం కుడికి వాల్చామట. నేను పళ్లు నూరాను. ఆయన మాత్రం కుదురుగా కూర్చుని టోపీ తిప్పేవాడు.

ఆ మెషిన్ మొత్తంలో ఆయన అన్నిటికన్నా ముద్దుగా చూసుకున్నది బయటికి కనబడని ఒక ఇనుప గాడి. ఆటలో ఓడిన బంతులు కిందికి జారి వరుసగా నిలబడే చోటు అది. మేం ట్రఫ్ అంటాం. బంతి వచ్చిందో లేదో చెప్పడానికి అందులో చిన్న చిన్న వెలుతురు కళ్లుంటాయి. అందరూ దాన్ని రెడీమేడ్‌గా కొంటారు. ఈయన రేకు వంచి, ఆకురాయి పట్టి, తన చేత్తో చేశాడు. బంతి అందులోకి జారే చప్పుడు వినమని నన్ను పిలిచేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు.

బ్రిస్బేన్‌లో జరిగే పిన్‌బాల్ ప్రదర్శనలో మెషిన్‌ని మొదటిసారి బయటపెట్టాలని నిర్ణయమైంది. హక్కుల కంపెనీ ఆవిడ అక్కడికే వస్తానంది. ఆ ముందురోజు మా ఇంట్లో వ్రతం. ప్రదర్శన రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే మా ఆవిడ చిన్న స్టీలు డబ్బా చేతిలో పెట్టింది.

"ఇదేంటి?" అన్నాను.

"అక్షింతలు. నెయ్యి వేసి కలిపాను, ఫ్రెష్‌గా ఉన్నాయి. మెషిన్ మీద నాలుగు వేయండి."

"నాకు నమ్మకం లేదని తెలుసుగా."

"మీకు లేకపోతే పోనీండి, నాకుంది. ఫస్ట్ టైమ్ గడప దాటుతోంది కదండీ, పెళ్లికూతుర్ని ఊరికే పంపిస్తామా? ఆయనేమో మీకు లైఫ్ ఇచ్చాడు."

షెడ్డుకి అందరికన్నా ముందు నేనే వెళ్లాను. అద్దం తీసి తుడుస్తున్నాను. మెషిన్ దీపాలన్నీ వేసి చూస్తే నిజంగానే పెళ్లికూతురిలా ఉంది. ఏమైందో తెలియదు, డబ్బా తెరిచి చిటికెడు చల్లాను. ఆయన కష్టం ఫలించాలని మనసులో అనుకున్నాను కూడా. ఆ వెంటనే సిగ్గేసింది. గబగబా గింజలన్నీ వేళ్లతో ఏరేసి, అద్దం బిగించేశాను. అన్నీ ఏరాననే అనుకున్నాను.

ప్రదర్శనలో మా మెషిన్ ముందు పెద్ద వరుస. మా ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఆ వేషంలో ఆయన్ని చూడటం అదే మొదలు. హక్కుల కంపెనీ ఆవిడ మొదటి బంతి వదిలింది. పెలికాన్ ముక్కు తెరిచి "ఉత్తరాలొచ్చాయి!" అని అరవగానే ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

బంతి కిందికి జారింది. రెండో బంతి రావాలి, రాలేదు. బంతి కనబడకపోతే మెషిన్ తనంతట తనే వెతుక్కుంటుంది. బంతిని పైకి కొట్టే ఫ్లిప్పర్లు వాటంతటవే కొట్టుకున్నాయి, తలుపులు తెరుచుకున్నాయి, పెలికాన్ ముక్కు ఆగకుండా ఆడింది. జనం మొదట ఇదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత నవ్వారు. ఎవరో ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టారు. ఆయన ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ అదే. మూడోసారీ అదే. ఆవిడ మర్యాదగా వాచీ చూసుకుని, వెళ్తానంది. ఆయన మాట్లాడుకుంటూ ఆవిడ వెంట తలుపు దాకా నడిచాడు.

ఆ సందులో నేను మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి ట్రఫ్‌లోకి చూశాను. రెండు పసుపు గింజలు. ఒకటి నెయ్యి జిగురుకి సరిగ్గా వెలుతురు కంటి మీదే అతుక్కుని ఉంది. అక్కడ బంతి లేకపోయినా ఉందనుకుని మెషిన్ గాలిని తన్ని, పైకి రాని బంతి కోసం వెతుక్కుంటోంది. గింజలు తీసి జేబులో వేసుకున్నాను. తల తిప్పి చూస్తే ఆవిడ ఇంకా తలుపు దగ్గరే ఉంది. ఒక్క కేక వేసి ఉంటే ఆగేది. చుట్టూ ఇన్ని మొహాలు, ఒక్కటీ మనవాళ్లది కాదు. మెషిన్‌లో బియ్యం పోసిన ఇండియన్ అని నన్ను జీవితాంతం చెప్పుకుంటారని భయపడ్డాను. మోకాళ్ల మీదే ఉండిపోయాను. ఆవిడ వెళ్లిపోయింది.

ఆయన తిరిగొచ్చి, "ఏం దొరికింది, మేట్?" అన్నాడు.

"ఏమీ లేదు. ట్రఫ్ కాస్త ఇరుకుగా ఉందేమో," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. వేరే ఏ భాగం పేరు చెప్పినా సరిపోయేది. ఆయన "నా ట్రఫ్," అని ఒక్కమాట అని, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమంతా మెషిన్ ఒక్కసారి కూడా ఆగకుండా ఆడింది. చూడాల్సిన మనిషి మాత్రం తిరిగి రాలేదు. రెండు వారాలకి లైసెన్స్ రద్దయిందని ఉత్తరం వచ్చింది. ఆ ఏడాదే షెడ్డు మూసేశాం. నేను ఆసుపత్రి పరికరాలు రిపేరు చేసే ఉద్యోగంలో చేరాను.

మొన్న ఈస్టర్ సెలవుల్లో మా ఆవిడకి మొత్తం చెప్పేశాను. "రెండేళ్లు కడుపులో పెట్టుకుని ఎలా తిరిగారండీ?" అని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "వెళ్లి చెప్పండి. నా మీద పెట్టేయండి, మా ఆవిడే వేసిందని చెప్పండి," అంది.

ఆమె మీద పెట్టలేదు. మరుసటి శనివారం ఆయన ఇంటికి వెళ్లాను. గ్యారేజీలో ఉన్నాడు. బల్ల మీద ట్రఫ్‌లు, ఒకదాని పక్కన ఒకటి. రేకు మూసిన చోట, వంచిన చోట, ఒక్కో దాంట్లో వెంట్రుకవాసి తేడా. షెడ్డు మూసినప్పటి నుంచీ చేస్తున్నాడట. మొదటిదాంట్లో తప్పెక్కడుందో ఇంకా అంతుచిక్కలేదట.

నిలబడే మొత్తం చెప్పాను. అక్షింతలంటే ఏమిటో, నెయ్యి ఎందుకు కలుపుతారో, కంపెనీ ఆవిడ తలుపు దగ్గర ఉండగా నేనెందుకు నోరు మూసుకున్నానో, ఏదీ దాచలేదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన ఆకురాయి కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"బియ్యమా?" అన్నాడు చివరికి. "ఆ గింజలున్నాయా నీ దగ్గర?"

"లేవు. అప్పుడే చెత్తబుట్టలో పడేశాను."

ఆయన లేచి వచ్చి, నా మెడ వెనక చెయ్యి వేశాడు. "హాల్లో కరెంటు బాగాలేదని మా ఆవిడ అంటుంది. వ్యాన్‌లో కుదుపులని మా అబ్బాయంటాడు. నువ్వు బియ్యం అంటున్నావు. మీరంతా మంచివాళ్లు, మేట్. కానీ ట్రఫ్ ఇరుకని ఆ రోజు నాకు నిజం చెప్పింది నువ్వొక్కడివే. అది నేను మర్చిపోలేదు."

కాదన్నాను. ఒట్టేశాను. ఆ మొదటి ట్రఫ్ చేతిలోకి తీసుకుని, ఇందులో ఏ లోపమూ లేదు, ఎప్పుడూ లేదు అని దాదాపు అరిచాను. ఆయన దాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద దాని చోట్లో పెట్టి, లోపలికి కేకేసి భార్యని పిలిచాడు. "నన్ను ఓదార్చడానికి ఇంత దూరం వచ్చాడు చూడు, ఎంత కథ అల్లుకొచ్చాడో," అన్నాడు. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని థాంక్స్ చెప్పింది. వెళ్లేటప్పుడు మా పిల్లలకని కేకు ముక్కలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. తీసుకున్నాను.