వడ్డించేవాడి మాట

నేను పుట్టింది మలేషియాలో, ఒక రబ్బరు తోటలో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళినవాడు. తోటలో మేమంతా మాట్లాడుకున్నది ఆయన తెలుగే. డిగ్రీ చదవడానికి హైదరాబాదు వచ్చాక, నేను ఫారిన్ విద్యార్థినంటే ఎవరూ నమ్మలేదు. ఫారిన్ వాడంటే తెల్లగా ఉండాలి, తెలుగు రాకూడదు. నేను నల్లగా ఉంటాను, పైగా వాగుడుకాయని.

హాస్టలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో యూనివర్సిటీ వాళ్ళు కిరాయికి తీసుకున్న పాత బంగళా. చుట్టూ జొన్న చేలు, ముందు బెజవాడ పోయే రోడ్డు. నాకు ఉండడానికి చోటిచ్చి తిండి పెట్టినందుకు రెండు పూటలా మెస్సులో వడ్డించాలి. బకెట్టు పట్టుకుని వరసలో నడుస్తూ, "ఏటి కావాల? కూరెయ్యమంటావా?" అనేవాణ్ణి. కుర్రాళ్ళు పడీపడీ నవ్వేవారు. చివరికి నా పేరే 'ఏటి' అయి కూర్చుంది. "ఓ ఏటీ, జర పప్పు తే!" అని కేకేస్తే నాకు ఒళ్ళు మండేది. మీ 'ఏంది' మాత్రం ఏం ముద్దొస్తోందని నేనూ తిరిగి అంటించేవాణ్ణి.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మొదలయ్యాక ఆ నవ్వులు ఆగిపోయాయి. నేను నోరు తెరిస్తే తలలు వంచుకుని తినేవారు. వెక్కిరించినప్పుడు వచ్చిన కోపం కన్నా ఆ మౌనానికి వేసిన భయం ఎక్కువ. కోస్తా కుర్రాళ్ళు ఒక్కొక్కరే పెట్టె సర్దుకుని బస్సెక్కారు. నేనెక్కడికి పోను? బెజవాడలో నాకెవరున్నారు గనక? శ్రీకాకుళం మ్యాపులో తప్ప చూసినవాణ్ణి కాదు.

ఒక మధ్యాహ్నం బయటి కాలేజీల కుర్రాళ్ళు గేటు దగ్గరికొచ్చి, నన్ను ఆపి ఏ ఊరని అడిగారు. పాస్‌పోర్టు తెచ్చి చూపించాను.

"మలేషియా అంటున్నవ్, మరి తెలుగెట్ల ఒస్తది? గా మాట ఆంధ్రోళ్ళదే. సామాన్ తీస్కో, నడువ్."

అప్పుడు నా గదిలో ఉండే అన్న అడ్డమొచ్చాడు. వరసకు అన్న కాదు, నాకంటే రెండేళ్ళు పెద్ద. హయత్‌నగర్ అవతలి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లవాడు, ఉద్యమంలో ముందుండేవాడు. "గీ పోరడు మా హాస్టలోడు. ఈడ్నే ఉంటడు," అన్నాడు. అతని మాట కాదనలేక వాళ్ళు వెళ్ళిపోయారు.

గదిలోకొచ్చాక మాత్రం నా భుజం పట్టుకున్నాడు. "ఇగ తెలుగుల మాట్లాడకు. ఇంగ్లీషే మాట్లాడు. వాళ్ళు మల్ల ఒస్తే నేనుంటనో లేదో."

ఆ రోజు నుంచి బకెట్టు పట్టుకుని "రైస్? దాల్?" అంటూ తిరిగాను. అమ్మ నేర్పిన మాటను నోట్లోనే దాచుకోవడం ఎంత అవమానమో అప్పుడు తెలిసింది. ఎవరి మీద కోప్పడాలో తెలిసేది కాదు. వాళ్ళు అడుగుతున్నది న్యాయమేననిపించేది. నన్ను పొమ్మనడం మాత్రం మింగుడు పడేది కాదు.

ఎండలు ముదిరిన రోజుల్లో అన్న తమ్ముడు ఊరేగింపులో తూటా తగిలి చనిపోయాడు. ఇంకా స్కూల్లో చదివే పిల్లవాడు. ఊళ్ళో సమాధి చేసి, కొన్నాళ్ళకు అన్న హాస్టలుకు తిరిగొచ్చాడు. మెస్సులో కంచం ముందు కూర్చున్నాడే గానీ మెతుకు ముట్టలేదు. అతన్ని పరామర్శించడానికి వచ్చిన ఇద్దరు పక్కనే కూర్చున్నారు. ఆ రోజు గేటు దగ్గర నన్ను సామాన్ తీసుకొమ్మన్నవాళ్ళు వాళ్ళే.

నేను బకెట్టుతో అన్న ముందు ఆగాను. "ఐ యామ్ సారీ," అన్నాను.

అతను తలెత్తి, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు.

"సారీ ఏందిరా? నా తమ్ముడు సచ్చిపోయిండు. నీ మాటల జెప్పు."

పక్కనున్న ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. బకెట్టు కింద పెట్టి అన్న ముందు కూలబడ్డాను.

"ఏటన్నా ఇది... గుంటడు ఎల్లిపోనాడా, అన్నా?"

అన్న నా మెడ చుట్టూ చేతులు వేసి భోరుమన్నాడు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టినప్పుడు కూడా ఏడవలేదట.

కాసేపటికి ఆ ఇద్దరిలో ఒకడు లేచి, నేను కింద పెట్టిన బకెట్టు తీసుకుని మిగతా వరసకు వడ్డించాడు.