మగ్గానికొక పొట్లం

మొన్న ఒకాయన మా మూలికల అంగడికి వచ్చి, ప్లాస్టిక్ డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. కడుపులో పురుగులు పడిపోయే చూర్ణమట, ఫోన్‌లో చూసి తెప్పించుకున్నాడట, అయిపోవచ్చింది కాబట్టి అలాంటిదే కలిపి ఇమ్మన్నాడు. వేపాకు చేదు, దాని వెనకే వాయువిడంగాల ఘాటు. ఎవరికని అడిగితే, "నీకెందుకమ్మా?" అని మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. ఆ వాసన మాత్రం చాలాసేపు పోలేదు. అది తగిలితే నాకు రత్నమ్మ గుర్తొస్తుంది.

హిందూపురం బజారులో ఈ అంగడి ఆవిడదే. నాకు పెళ్లి కాకముందు పొట్లాలు కట్టడానికి నన్ను పనిలో పెట్టుకుంది. సరుకు అమ్ముకునే మనిషి సరుకు ఇవ్వకుండా అన్ని ప్రశ్నలు వేయడం నేనెక్కడా చూడలేదు. కరక్కాయ అడిగినా సరే, "ఎవురికి? ఏమిటికి? ఇంగేమన్నా మాత్రలు మింగుతాండారా?" అనేది. విసుగొచ్చినవాళ్లు ఎదురు అంగడికి పోయేవాళ్లు. ఈమెకు వ్యాపారం చేతకాదని లోలోపల నవ్వుకునేదాన్ని. పైకి నవ్వే ధైర్యం ఎవరికుంది? ఆవిడ నోరు అలాంటిది మరి.

మా అక్క జయను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికిచ్చాం. నేను చెప్పబోయే సంగతికి ముందు ఏడాది కడుపు నిలబడలేదు దానికి. ఆ మాట పొరపాటున కూడా ఎవరూ ఎత్తకుండా ఇంట్లో జాగ్రత్తగా మసలేవాళ్లం. అలాంటిది ఒకరోజు అదే ఫోన్ చేసి గలగలా మాట్లాడింది. వాళ్ల వీధి వీధంతా ఒక వీడియో చూసేసిందట.

"కండ్ల కింద నలుపొచ్చినా, నీరసమొచ్చినా అంతా కడుపులో పురుగులేనంట మే. నాకూ అట్లనే ఉండాది. రేపు అమావాస్య కదా, పురుగులు పడే చూర్ణం కాంచి అందరం తాగుతాండాము. మీ అంగట్లో సరుకు మగ్గానికొక పొట్లం కట్టిచ్చుకోని రా."

అమావాస్య నాడు అక్కడ మగ్గం ఆడదు. ఆ రోజైతే విరేచనాలైనా పని చెడదని వాళ్ల ఆలోచన. ఇక మగ్గానికొకటి అనడం నాకు వింతగా తోచలేదు. వినాయకుడి చందాకైనా, ఊరేగింపు ఖర్చుకైనా ఆ వీధిలో అన్నీ మగ్గానికింత అనే పంచుకుంటారు.

తక్కెడ ముందు కూర్చున్న రత్నమ్మకు చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మందు మగ్గం తాగుతాదా, మనిషి తాగుతాడా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "మీ అక్కోళ్లింట్లో ఎంతమంది?"

"ఇద్దరే పెద్దమ్మా."

"పక్కింట్లో?"

"పిల్లాజెల్లాతో ఎనిమిది మంది."

"అంటే ఆడ ఎనిమిది మంది పంచుకునేది ఈడ ఇద్దరే తాగల్లనా? గొర్రెలకు నట్టల మందు పోసేవాడు కూడా పిల్ల ఏది, పెద్దది ఏది అని చూసి పోస్తాడు కదమ్మే!"

పాతకాలం మందే కదా, చెట్టుదే కదా, ఏం చేస్తుందని నేను వాదించబోయాను.

"గన్నేరు కూడా చెట్టేలే. ఏమీ చెయ్యనిదైతే అది మందెట్లయితాది? అసలు కడుపులో పురుగులు ఉండాయని చూసినోళ్లెవురు, ఆ ఫోనా?" అని, గొంతు తగ్గించి, "మీ అక్కకు ముట్టు ఎప్పుడొచ్చింది? ఇది కడుపుతో ఉండేవాళ్లు తాగేది కాదు. ముందు అది కనుక్కో పో" అంది. వాయువిడంగాల సంచి మూతి బిగించి కట్టేసింది.

వెంటనే ఫోన్ తీశాను. ఎన్నిసార్లు ఫోన్ చేసినా అక్క ఎత్తలేదు. తెల్లవారగానే రైలెక్కాను. పెనుకొండ దాటాక ఎత్తింది.

"నువ్వు తెచ్చేదాకా ఎవురుంటారు? ఈడనే ఎవురో సరుకు తెచ్చినారు. కాంచి గ్లాసుల్లో పోసినాము" అంది.

"అక్కా, నీకు ముట్టు ఎప్పుడొచ్చింది?"

"సిగ్గులేదా, రైల్లో కూర్చోని అదా అడిగేది?" అంది ముందు. తర్వాత మాట నెమ్మదించింది. "పోయిన నెల రాలేదు మే. నీరసానికి తప్పిందనుకున్న్యా..."

"గ్లాసు కింద పెట్టు!" అని అరిచాను. పెట్టెలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. తిరిగితే తిరగనీ.

నేను వెళ్లేసరికి అక్క ఆ గ్లాసులోది తాగకుండా పెరట్లో పారబోసి గడపలో కూర్చుని ఉంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. పురుగులు లేనే లేవు. ఉన్నది రక్తహీనత, దాంతోపాటు బిడ్డ. అక్క నా భుజం మీద తల పెట్టి భోరుమని ఏడ్చింది. నేనేమో పిచ్చిదానిలా నవ్వుతూ కూర్చున్నాను. ఒకవేళ ఎప్పుడైనా పురుగులున్నా ఏ మాత్ర, ఎప్పుడు మింగాలో తానే చెప్తానని, సొంతంగా ఏదీ ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఆ వీధిలో తాగినవాళ్లలో కొందరు వాంతులతో మంచమెక్కి, దేవుడి దయవల్ల తేరుకున్నారు.

తిరిగొచ్చి చెప్తే రత్నమ్మ "అమ్మయ్య" అని స్టూలు మీద కూలబడింది. "నా చేత్తో కట్టిచ్చింటే..." అని ఆగిపోయి, కొంగుతో మొహం తుడుచుకుంది. అంత నోరున్న మనిషి ఆ రాత్రంతా నాలాగే భయపడిందని అప్పుడు తెలిసింది.

"ఇట్లా గుచ్చి గుచ్చి అడిగితే జనం తిట్టుకుంటారు కదా పెద్దమ్మా?" అన్నాను.

"తిట్టుకోనీ. తిట్టేదానికి బాగుండారు కదా, అది చాలు."

ఇప్పుడు రత్నమ్మ లేదు. తక్కెడ ముందు నేను కూర్చుంటున్నాను. అవే ప్రశ్నలు, అవే తిట్లు. అక్క కూతురు సెలవులకు వచ్చి కలకండ కావాలని చెయ్యి చాపుతుంది. అలవాటు కొద్దీ "ఎవరికి?" అంటాను. "నాకే పిన్నీ! ఎన్నిసార్లు అడుగుతావు?" అని బజారంతా వినిపించేలా నా మీద అరుస్తుంది. ఆ అరుపు వింటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉంటుందో!