నాన్న బుగ్గన అతిమధురం పుల్ల

మొన్న సాయంత్రం మా అమ్మాయి ఆదిత్యపూర్‌లో డ్యూటీ దిగి వస్తూ ఏదో మూలికల టీ పొట్లం తెచ్చి, నా కాలేయానికి మంచిదంటూ వేడివేడిగా కప్పులో పోసి చేతికిచ్చింది. కప్పు ముక్కు దగ్గరికి రాగానే నా చెయ్యి ఆగిపోయింది. ఎండిన వేరును మరిగించినప్పుడు వచ్చే ఆ తియ్యటి మట్టి వాసనను నేను పోల్చుకోలేకపోవడమేమిటి! చిన్నప్పుడు సిద్ధగోరాలో మా రెండు గదుల క్వార్టరంతా అదే వాసన. నాన్న చొక్కా జేబులో, మామ్మ పోపుల పెట్టెలో, చలికాలం మేం కప్పుకునే దుప్పట్లలో కూడా అతిమధురమే.

నాన్న ఉక్కు కార్ఖానాలో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు పల్లెలు వదిలి ఈ హిందీ ఊరికొచ్చి ఆ బట్టీల దగ్గర కుదురుకున్న మనవాళ్లు గొంతులో పొగ, బొగ్గుపొడి పేరుకోకుండా తలా ఒక ఉపాయం పెట్టుకున్నారు. కొందరు షిఫ్టు దిగగానే బెల్లం ముక్క చప్పరించేవారు, కొందరు ఖైనీ నలుపుకునేవారు. నాన్న బుగ్గన మాత్రం ఎప్పుడూ అతిమధురం పుల్లే. సాక్చి బజారులో మూలికల దుకాణంవాడు నాన్నని దూరం నుంచి చూస్తూనే, హిందీలో ములేఠీ అనే ఆ పుల్లల కట్ట కాగితంలో చుట్టేసేవాడు. నాన్న మాట్లాడినా, నవ్వినా, మామీద కోప్పడినా ఆ పుల్ల ఒక బుగ్గలోంచి మరో బుగ్గలోకి మారేదే తప్ప బయటికొచ్చేది కాదు.

విశ్వకర్మ పూజ నాడు కార్ఖానా గేట్లు ఇంటివాళ్లకి కూడా తెరిచేవారు. వానలు వెనకబట్టి ఆకాశం తేటబడే ఆ రోజుల్లో అమ్మ మడతల చీర కట్టి, మాకు తలలకి నూనె రాసి తీసుకెళ్లేది. బంతిపూల దండలు వేసిన యంత్రాలు, కుంకుమ బొట్లు పెట్టిన పానాలు, అగరొత్తుల పొగ, చేతిలో వెచ్చటి బూందీ పొట్లం. నాన్న తాను నిలబడి పనిచేసే చోటు చూపించి, జేబులోంచి పుల్ల తీసి చిన్న ముక్కలుగా విరిచి మా నోట్లో పెట్టేవాడు. మేం దాన్ని నమిలి నమిలి కుంచెలా చేసి, ఎవరి కుంచె మెత్తనో పోల్చి చూసుకుంటూ దారంతా దెబ్బలాడుకునేవాళ్లం.

ఒక ఏడు నాన్న కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం గట్టిపడిపోయిందని, కడుపులో నీరు చేరుతోందని డాక్టర్లు చెప్పి, ఉప్పు మాన్పించి, ఒంట్లో నీరు బయటికి పోవడానికి నీటి మాత్రలు రాశారు. చప్పిడి కూడు తినలేక కంచం ముందు కూచుని ఏడ్చినంత పనిచేసే కొడుకుని చూడలేక, అతిమధురం కాలేయానికి చలవ చేస్తుందని చిన్నప్పటి నుంచి నమ్మిన మామ్మ, పూటపూటా కషాయం కాచి ఇచ్చేది. ఆపైన బుగ్గన పుల్ల ఉండనే ఉంది. అయినా పాదాలు నొక్కితే గుంటపడేవి, పిక్కలు పట్టేసేవి. చివరికి చెంబు ఎత్తుకునే సత్తువ కూడా లేకపోయింది. నాన్న ఇక దక్కడేమోనని మాకు భయం పట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మని గట్టిగా నిలదీసింది. ఉప్పు పెడుతున్నావా, వేరే మందులేమైనా ఇస్తున్నావా అని అడిగితే, అమ్మ ఒట్టు పెట్టుకుని లేదంది. అబద్ధం కాదు. మా ఇంట్లో మామ్మ కషాయం గానీ, పుల్ల నమలడం గానీ తిండి కిందికీ రావు, మందు కిందికీ రావు. అప్పుడే డాక్టరమ్మ కంట నాన్న బుగ్గ కదలడం పడింది.

“ముహ్ మే క్యా హై?” నోట్లో ఏమిటని అడిగింది.

“కుఛ్ నహీ మేడమ్, ములేఠీ హై.” ఏమీ లేదు, ములేఠీయేనన్నాడు నాన్న.

ఆవిడ రాస్తున్న కలం కింద పెట్టేసింది. ఆ వేరు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుందని, రక్తంలో పొటాషియాన్ని తోడేస్తుందని, నీటి మాత్రలతో కలిస్తే గుండెకే ముప్పని, ఇలాంటి కాలేయానికి చిన్న ముక్క కూడా వద్దని హిందీలో నెమ్మదిగా చెప్పింది. నాన్న పుల్ల తీసి చేతిలో పట్టుకుని, ఎక్కడ పారెయ్యాలో తెలియనట్టు అలాగే కూచున్నాడు.

ఇంటికొచ్చాక మామ్మ గుమ్మంలో కూలబడిపోయింది. “నా సేత్తోనే కాసి పోసినాను గదే కోడలా! మంచిదనుకున్నాను, ఏటి సేసినాను!”

“నీకేటి తెలుసత్తా? మాకు మాత్రం ఏటి తెలుసు? ఊరుకో.” అమ్మ ఆమెని పట్టుకుని తానూ ఏడ్చింది. మర్నాడు మామ్మ పోపుల పెట్టెని చింతపండుతో, బూడిదతో తోమి, వాసన పోయేదాకా ఎండబెట్టింది. నాన్నకి మెల్లగా వాపులు తగ్గి సత్తువ వచ్చింది. బట్టీ దగ్గర కాకుండా తేలిక పని ఇచ్చారు. జబ్బు ఆయన్ని పూర్తిగా వదల్లేదు గానీ, నా పెళ్లి చూశాడు, నా కూతుర్ని ఒళ్లో ఆడించాడు.

ఇప్పుడు నా కాలేయం కూడా అదే దారి పట్టింది, నేనూ నీటి మాత్రలు మింగుతున్నాను. అందుకే మొన్న కప్పు కింద పెట్టేశాను.

“క్యా హువా అమ్మా? హెర్బల్ హీ తో హై.” ఏమైంది, మూలికలేగా అంది అమ్మాయి.

“పొట్లం మీద ఏటేటి రాసినారో సదువు తల్లీ.”

అది కళ్లజోడు పెట్టుకుని సన్నటి అక్షరాలు చదువుతూ పోయి, ములేఠీ దగ్గర ఆగింది. దగ్గు బిళ్లల్లో, పాన్‌లో కూడా అదుంటుందని, నోట్లో ఏది పెట్టుకున్నా డాక్టరుకి చెప్పాలని, తాతయ్య సంగతంతా చెప్పాను. దాని మొహం పాలిపోయింది. “మై తో అచ్ఛా సోచ్ కే లాయీ థీ,” అంది. “మంచిదనుకున్నాను” అన్న మామ్మ మాటే, హిందీలో.

“నీకేటి తెలుసు తల్లీ? ఊరుకో,” అన్నాను, అమ్మలాగే.

ఆ క్వార్టరు లేదు, అందులో ఉన్నవాళ్లూ లేరు. పోపుల పెట్టె మాత్రం బిర్సానగర్‌లో నా వంటింట్లో ఉంది. మూత తీస్తే ఆవాలు, మెంతుల వాసనే తప్ప మరేమీ రాదు. చిన్ననాటి వాసనలన్నీ పోయాయని బెంగపడతాను గానీ, ఆ ఒక్కదానికీ బెంగ లేదు. అది మా ఇంట్లోంచి పోయిన ఏడే నాన్న మాకు తిరిగి దక్కాడు.